ఎనిమిది ముక్కల బ్రెయిన్ మోడల్ రివ్యూ: బొమ్మ బాగుంది, బాణాలే తేడా

ముందే చెప్పేస్తున్నా, బొమ్మకి నాలుగు స్టార్లు, దాంతో పాటు వచ్చిన స్టిక్కర్లకీ బుక్‌లెట్‌కీ కలిపి ఒకటిన్నర. రెండిటికీ సగటు కట్టమంటే కట్టను, ఎందుకంటే బొమ్మ ఒక్కటే కావాలనుకునేవాళ్ళు ఆ సగటు చూసి మానేస్తారు, అంత పాడు వస్తువు కాదిది. కంపెనీ పేరు రాయట్లేదు, అడగొద్దు. ఇదే అచ్చు బొమ్మ రెండు మూడు రకాల డబ్బాల్లో కనిపిస్తోంది ఆన్‌లైన్‌లో, ఫోటోలు చూస్తే మీకే తెలుస్తుంది.

నేను ఫిజియోథెరపీ పిల్లలకి అనాటమీ చెప్తాను, సాయంత్రాలు ఇంటికొచ్చే నర్సింగ్, ఎంబీబీఎస్ ఫస్టియర్ వాళ్ళు కూడా కొందరు ఉన్నారు. కాలేజీలో ఫార్మలిన్ బకెట్లో ఉండే బ్రెయిన్‌ని ఇంటికి తెచ్చుకోలేం కదా, అందుకని ఇది కొన్నా. రెండున్నర వేల లోపే పడింది. ఆర్టరీలు కూడా ఉండే తొమ్మిది ముక్కల మోడల్ ఇంకా రేటెక్కువ, బిగినర్స్‌కి అంత అక్కర్లేదనిపించింది.

బొమ్మ సంగతి. నడిమికి నిలువుగా కోసిన రెండు సగాలు, ఒక్కో సగంలో నాలుగు ముక్కలు: ఫ్రాంటల్ (నుదుటి వైపుది) పెరైటల్ (నడినెత్తి వైపుది) కలిసి ఒకటి, టెంపొరల్ (చెవి పక్కది) ఆక్సిపిటల్ (తల వెనకది) కలిసి ఒకటి, బ్రెయిన్ స్టెమ్ (మెదడుని వెన్నుపాముతో కలిపే కాండం) సగం, సెరిబెల్లమ్ (చిన్న మెదడు) సగం. గట్టి పీవీసీ, గోరుతో గీకినా రంగు లేవలేదు. మడతలు లోతుగానే ఉన్నాయి, ఫ్రాంటల్‌కీ పెరైటల్‌కీ మధ్య గాడి, సెంట్రల్ సల్కస్‌లో వేలు పెట్టి పైనుంచి కిందికి లాగితే ఎక్కడా తెగకుండా వస్తుంది, చవక మోడల్స్‌లో ఇది దొరకదు, వాటిలో మడతలన్నీ అందాజాగా గీసేస్తారు. ముక్కలు మేకుల్తో బిగుస్తాయి, మాగ్నెట్లు కాదు. సెరిబెల్లమ్ మేకు కొంచెం లూజు, చేతిలో తిప్పి చూపిస్తుంటే ఊడిపడుతుంది. క్రేనియల్ నెర్వ్‌లు మొదళ్ళ వరకే ఉన్నాయి, పసుపు రంగు వేశారు, ఓకే. లోపల బేసల్ గాంగ్లియా అవీ ఏం లేవు, న్యూరో పీజీ వాళ్ళు ఇది కొని తర్వాత తిట్టుకోవద్దు.

ఇంతవరకూ హ్యాపీ. ఇప్పుడు అసలు గొడవ.

డబ్బాలో ఒక షీట్ స్టిక్కర్లు వస్తాయి, బాణం గుర్తులు, ఒక్కోదాని మీద ఒక్కో దిక్కు పేరు: రోస్ట్రల్ (ముక్కు వైపు), కాడల్ (తోక వైపు), డార్సల్ (వీపు వైపు), వెంట్రల్ (పొట్ట వైపు). వాటిని బొమ్మ మీద ఎక్కడ అంటించాలో బుక్‌లెట్‌లో బొమ్మ గీసి చూపించారు. అందులో రోస్ట్రల్ బాణం అన్ని ముక్కల మీదా నిలువుగా పైకే ఉంది! ఫ్రాంటల్ ముక్క మీదా పైకే, బ్రెయిన్ స్టెమ్ మీదా పైకే. పక్కన ఒక లైన్, రోస్ట్రల్ అంటే సుపీరియర్, అంటే పైన అని, లాటిన్‌లో ముక్కు అని అర్థం అట. మరి ముక్కు నడినెత్తిన ఉందా అండీ? ఒకే లైన్లో రెండు ముక్కలు రాసి, రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే అచ్చేసేముందు ఒక్కరైనా చదవలేదంటే ఏమనాలి.

ఈ మాట దగ్గర పిల్లలు ఎంత తికమక పడతారో రోజూ చూస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, బొమ్మ కొన్నవాళ్ళకి పనికొస్తుంది, కొననివాళ్ళకి కూడా.

రోస్ట్రమ్ అంటే లాటిన్‌లో పక్షి ముక్కు, జంతువుల మూతి. మనిషి ముక్కుకి వాళ్ళ దగ్గర వేరే మాటుంది, నాసుస్, దాన్నించే నేసల్ వచ్చింది. రోస్ట్రమ్ వచ్చింది కొరకడం అనే అర్థమున్న క్రియ నుంచి, రోడెంట్ అని ఎలుక జాతిని అంటాం చూడండి, అదీ ఆ వేరు నుంచే. కొరికే సాధనం, అంతే. కానీ మనకో సుఖం ఉంది, తెలుగులో కాకి ముక్కూ ముక్కే, మన ముక్కూ ముక్కే. కాబట్టి రోస్ట్రల్ అంటే ముక్కు వైపు అని చెప్పేస్తే మన పిల్లలకి లాటిన్ గోల లేకుండా సరిగ్గా దిగుతుంది. బుక్‌లెట్ వాళ్ళు ముక్కు అని రాసింది లాటిన్ లెక్కలో సగం తప్పే అయినా తెలుగు లెక్కలో కరెక్ట్ అయిపోయింది, అదృష్టం వాళ్ళది.

ఇంకా నమ్మకం కుదరకపోతే బియ్యం డబ్బా తెరవండి. ముక్కు పురుగు ఉంటుంది కదా, తల ముందు సన్నగా పొడుచుకొచ్చిన గొట్టం, గింజకి బెజ్జం పెట్టేది దాంతోనే, కీటక శాస్త్రంలో ఆ గొట్టం పేరు రోస్ట్రమ్మే. మన అమ్మమ్మలు పెట్టిన పేరూ సైంటిస్టులు పెట్టిన పేరూ ఒకేచోట చూసి పెట్టినవి. రొయ్యలు వొలిచేటప్పుడు వేలికి గుచ్చుకునే తల మీది ముల్లు కూడా రోస్ట్రమ్, దాని మీద పైన ఎన్ని పళ్ళు కింద ఎన్ని పళ్ళు అని లెక్కపెట్టి రొయ్య ఏ జాతిదో గుర్తుపడతారు, భీమవరం వైపు ఆక్వా చదివినవాళ్ళకి ఇది బాగా తెలుసు.

ఇది చెప్తే ఒక నర్సింగ్ అమ్మాయి అడిగింది, "మరి మేడమ్, స్పీచ్ ఇచ్చేటప్పుడు ఎక్కేది కూడా రోస్ట్రమ్ అంటారు కదా, దానికీ ముక్కుకీ ఏంటి సంబంధం" అని. మంచి ప్రశ్న. రోమన్లు యుద్ధపు పడవలకి ముందు భాగంలో, నీటిమట్టం దగ్గర, కంచు మూతి ఒకటి బిగించేవాళ్ళు, ఎదుటి పడవని గుద్ది చిల్లు పెట్టడానికి. దాన్నీ రోస్ట్రమ్ అనే అన్నారు. క్రీస్తు పూర్వం 338లో ఆంటియం ఊరి పడవల్ని గెలిచి, వాటి మూతులు ఊడదీసి తెచ్చి రోమ్ ఫోరమ్‌లో ఉపన్యాసాలిచ్చే వేదికకి తగిలించారు. అప్పట్నుంచి ఆ వేదిక పేరే రోస్ట్రా అయిపోయింది, ఇప్పుడు మన స్కూల్ ఎలక్యూషన్ పోటీ దాకా వచ్చింది. ఆ మూతులేం చిన్నవి కావు, 1980లో ఇజ్రాయెల్ తీరాన అత్లిత్ దగ్గర సముద్రంలో దొరికిన పాతకాలపు కంచు మూతి ఒక్కటే 465 కిలోలుంది. సరే, ఇది పరీక్షలో రాదు, కానీ ఆ రోజు క్లాసులో ఎవరూ ఫోన్ తీయలేదు.

ఇక అసలు ఈ మాట అనాటమీకి ఎందుకు కావాల్సొచ్చింది? పైన, కింద, ముందు, వెనక ఉన్నాయిగా? ఉన్నాయి, కానీ అవి నిలబడ్డ మనిషికి సరిపోయే మాటలు. మనిషికి ముందు అంటే పొట్ట వైపు. గేదెకి ముందు అంటే తల వైపు. ఒకే మాట, ఒంటికి రెండు దిక్కులు. 1803లోనే ఎడిన్‌బరోలో అనాటమీ చెప్పిన జాన్ బార్‌క్లే ఈ గొడవ గురించే తల పట్టుకుని, ఒళ్ళు ఏ భంగిమలో ఉన్నా మారని దిక్కుల పేర్లు కావాలని ఒక కొత్త పద్ధతి ప్రతిపాదించాడు. మనం రోజూ వాడే ప్రాక్సిమల్ (మొదలుకి దగ్గర), డిస్టల్ (మొదలుకి దూరం) లాంటివి ఆ లైన్లో వచ్చినవే. దిక్కుని గదిని బట్టి కాకుండా ఒంట్లోని ఒక భాగాన్ని బట్టి చెప్పడం అనేది ఐడియా. తోక వైపు, వీపు వైపు, పొట్ట వైపు, అలా.

మా తమ్ముడు వెటర్నరీ డాక్టరు, వాళ్ళకి ఈ గొడవ ఇంకా క్లియర్‌గా ఉంటుంది. వాళ్ళు ఒంటికి యాంటీరియర్ (ముందు), పోస్టీరియర్ (వెనక) దాదాపు వాడరు, కంటి లోపలి భాగాల్లాంటి కొన్నిచోట్ల తప్ప. గేదె మెడ నుంచి తోక దాకా ఎక్కడున్నా తల వైపుని క్రేనియల్ అంటారు, తోక వైపుని కాడల్. మరి తలలోకే వచ్చేశాక? "తలలో కూర్చుని తల వైపు అంటే ఎటు వెళ్ళాలి అక్కా, అందుకే అక్కడ్నించి రోస్ట్రల్" అన్నాడు. ఇంత సింపుల్‌గా ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను. వాళ్ళ లెక్కలో తల లోపల వాడే దిక్కు అది, మూతి చివర దాకా తీసుకెళ్తుంది.

గేదెకీ కుక్కకీ కప్పకీ ఇందులో ఇబ్బంది లేదు. మా బ్యాచ్ వాళ్ళు ఇంటర్ బైపీసీలో కప్ప మెదడు బొమ్మ గీసే ఉంటారు: ముందు వాసన చూసే ఆల్‌ఫ్యాక్టరీ లోబ్స్, ఆ వెనక సెరిబ్రల్ హెమిస్ఫియర్లు, తర్వాత ఆప్టిక్ లోబ్స్, సెరిబెల్లమ్, మెడుల్లా, అన్నీ స్కేలు పెట్టి గీసినట్టు వరసగా. తెలుగు మీడియం వాళ్ళం పృష్ఠ తలం, ఉదర తలం, పూర్వాంతం, పరాంతం అని బట్టీ పట్టాం, బొద్దింక దగ్గర మొదలుపెట్టి కప్ప దాకా అవే మాటలు, ఎక్కడా తేడా కొట్టలేదు. తేడా కొట్టేది మనిషి దగ్గరే. మనం లేచి నిలబడ్డాం, మొహం మాత్రం ముందుకే ఉంచుకున్నాం. అందువల్ల వెన్నుపాము నిలువుగా పైకి వచ్చి, బ్రెయిన్ స్టెమ్ పై భాగమైన మిడ్‌బ్రెయిన్ దగ్గర దాదాపు లంబకోణంలో ముందుకు వంగుతుంది. ఈ వంపు కడుపులో బిడ్డకి నాలుగో వారంలోనే మొదలవుతుంది, సెఫాలిక్ ఫ్లెక్షర్ అంటారు.

ఇప్పుడు దిక్కులు కూడా ఆ వంపుతో పాటు తిరుగుతాయి. వెన్నుపాములో, దాని పైనున్న మెడుల్లాలో, ఆ పైన పాన్స్‌లో రోస్ట్రల్ అంటే పైకి. వంపు దాటి ఫోర్‌బ్రెయిన్ (మెదడు ముందు భాగం)లోకి రాగానే రోస్ట్రల్ అంటే నుదుటి వైపు, ముందుకి. కింద వీపు వైపున్న డార్సల్ పైకొచ్చేసరికి నడినెత్తి వైపు అయిపోతుంది, వెంట్రల్ ఏమో పుర్రె అడుగు వైపు. డార్సోలాటరల్ ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ అనే పేరు పిల్లలు సైకియాట్రీ పోస్టింగ్‌లో వింటారు, అది ఫ్రాంటల్ లోబ్‌లో పైన పక్కగా ఉంటుంది, డార్సల్ అంటే వీపు అని ఒక్కటే నేర్చుకున్నవాడు దాన్ని తల వెనకాల వెతుకుతాడు.

కాబట్టి బుక్‌లెట్ వాళ్ళు రాసింది బ్రెయిన్ స్టెమ్ ముక్కల వరకూ కరెక్టే. మిడ్‌బ్రెయిన్ పైన, మెడుల్లా కింద, బాణం పైకి, ఒప్పుకుంటా. అదే బాణాన్ని తీసుకెళ్ళి ఫ్రాంటల్ ముక్క మీద పైకి పెట్టడమే కొంప ముంచింది, అక్కడ పైకి చూసే బాణం డార్సల్. నేనేం చేశానంటే ఆ స్టిక్కర్లలో ఫ్రాంటల్‌వీ టెంపొరల్‌వీ తిప్పి అంటించా, రోస్ట్రల్ నుదుటి వైపు, కాడల్ ఆక్సిపిటల్ పోల్ (మెదడు వెనక కొస) వైపు. బ్రెయిన్ స్టెమ్‌వి అలాగే ఉంచా. ఆ తర్వాత ఇంట్లో వైరింగ్ పని చేయించినప్పుడు మిగిలిన ఎర్ర కరెంటు వైరు ముక్క ఒకటి తీసుకుని, సగం బొమ్మ కోత వైపు పెట్టి, మెడుల్లా కింద నుంచి టేపు వేస్తూ పాన్స్ మీదుగా పైకి తెచ్చి, మిడ్‌బ్రెయిన్ దగ్గర వంచి, ఫ్రాంటల్ పోల్ (మెదడు ముందు కొస) దాకా లాగి అంటించా. వైరు ఎటు పోతే రోస్ట్రల్ అటు. ఏ ముక్క దగ్గరైనా అనుమానమొస్తే వైరు మీద వేలు పెట్టి మెడుల్లా నుంచి నడిపించమంటా, వేలు వంపు తిరిగే చోట పిల్లల మొహాలు చూడాలి. కంపెనీ వాళ్ళు నాలుగు బాణాల షీట్ బదులు మూడు రూపాయల వైరు ఇచ్చుంటే ఈ రివ్యూ రెండు లైన్లలో అయిపోయేది.

ఇంకో చిక్కు ఉంది, ఇది మాత్రం కంపెనీ తప్పు కాదు, పాతకాలం అనాటమిస్టులది. కోత వైపు చూస్తే మధ్యలో తెల్లగా వంకరగా, రెండు సగాల్నీ కలిపే కార్పస్ కలోసమ్ కనిపిస్తుంది. దానికి ముందు వంపు పేరు జెను, అంటే మోకాలు. వెనక లావుగా ఉన్న చివర స్ప్లీనియమ్. జెను దగ్గర్నించి కిందికి సన్నబడుతూ వచ్చే కొస పేరు రోస్ట్రమ్, మోడల్ మీద దానికో నంబర్ కూడా ఉంది, భూతద్దం కావాలి చదవడానికి. ఆ కొస ఎటు చూస్తోంది? వెనక్కి! మోకాలు దగ్గర మడత పడి, లామినా టెర్మినాలిస్ అనే పలచటి పొర వైపు, వెనక్కీ కిందికీ పోతుంది. ఆకారం పక్షి ముక్కులా ఉంది కాబట్టి ఆ పేరు, దిక్కుని బట్టి పెట్టింది కాదు. రోస్ట్రమ్ అనే ముక్క కొస కాడల్‌గా చూస్తుంది అని చెప్తే మొన్న ఒక ఎంబీబీఎస్ అబ్బాయి పెన్ను కింద పడేసి, "మేడమ్, వీళ్ళు కావాలనే చేశారు" అన్నాడు. నాకూ అప్పుడప్పుడూ అదే డౌటు.

పేర్ల గందరగోళం తగ్గించడానికి పెద్దవాళ్ళు ప్రయత్నించలేదని కాదు. 19వ శతాబ్దం చివరికి ఒక్కో దేశం, ఒక్కో స్కూలు తన పేర్లు తను పెట్టుకోవడంతో మనిషి ఒంటికి సుమారు 50 వేల పేర్లు పోగయ్యాయి. 1895లో బాసెల్‌లో కూర్చుని వాటిని 5 వేల చిల్లరకి తెచ్చారు. ఆ తర్వాత 1998లో ఒక అంతర్జాతీయ పదావళి వచ్చింది, అందులో రోస్ట్రాలిస్ విడిగా ఉంది, సుపీరియర్ విడిగా ఉంది. రెండూ ఒకటే అయితే రెండు పేర్లు ఎందుకుంచుతారు, ఆ ఒక్క ముక్క చాలు బుక్‌లెట్ వాళ్ళకి సమాధానం.

కాడల్ గురించి బుక్‌లెట్‌లో బాగానే రాశారు, ఒప్పుకోవాలి. కాడా అంటే తోక. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుములో మొదటి రెండో వెన్నుపూసల దగ్గర ఆగిపోతుంది, అక్కడ్నించి కిందికి వేలాడే నరాల కుచ్చు కాడా ఈక్వైనా, గుర్రం తోక. బొమ్మ కూడా వేశారు, నీట్‌గా ఉంది. చిన్నపిల్లలకి హెర్నియా ఆపరేషన్ అప్పుడు తోక ఎముక దగ్గర ఇచ్చే మత్తు ఇంజక్షన్‌ని కాడల్ బ్లాక్ అంటారని కూడా రాసుంటే నర్సింగ్ వాళ్ళకి ఇంకా ఉపయోగపడేది. మనకి తోక లేదుగా అని ప్రతి బ్యాచ్‌లో ఒకడు అంటాడు, వాడికి తోక ఎముక తడుముకోమని చెప్తే నోరు మూస్తాడు.

సెల్లర్‌కి ఫోన్ చేసి స్టిక్కర్ల సంగతి చెప్పా. అవతల ఉన్నాయన చాలా మర్యాదగా విని, "మేడమ్ గారూ, మీరు చెప్పింది డిజైనింగ్ వాళ్ళకి పంపిస్తాం అండి" అన్నాడు, రెండు నిమిషాలాగి "అయినా మేడమ్, పైకి అంటే పైకే కదండీ" అన్నాడు. నేనింక పొడిగించలేదు. కొత్త షీట్ పంపిస్తామన్నారు, ఇప్పటికైతే రాలేదు, వస్తే ఇక్కడే అప్‌డేట్ చేస్తా.

కొనాలా వద్దా అంటే, ఫిజియో, నర్సింగ్, ఎంబీబీఎస్, బీడీఎస్ ఫస్టియర్ వాళ్ళు నిక్షేపంగా కొనండి, నలుగురు రూమ్మేట్స్ కలిసి కొంటే ఇంకా మంచిది. సొంతంగా చదువుకునేవాళ్ళు మాత్రం స్టిక్కర్ షీట్ బుక్‌లెట్‌ని చూసి అంటించొద్దు, పైన చెప్పినట్టు వంపు చూసుకుని అంటించండి. వెటర్నరీ పిల్లలకి ఇది దండగ, మీకు కుక్క మెదడు మోడల్ వేరే దొరుకుతుంది. డబ్బా విప్పగానే రెండు సెరిబెల్లమ్ మేకులూ, ఫ్రాంటల్ ముక్క అడుగున ఉండే ఆల్‌ఫ్యాక్టరీ బల్బులూ చూసుకోండి, నాకొచ్చినదాంట్లో ఎడమ బల్బు కొస విరిగి ప్యాకింగ్ థర్మాకోల్‌లో దొరికింది, ఫెవిక్విక్‌తో అతికించా. రిటర్న్ టైము తక్కువే ఇస్తున్నారు, తర్వాత చూద్దాంలే అని డబ్బా అటక మీద పెట్టకండి.